చొక్కా విప్పనన్న మనిషి

ఇన్నేళ్ళూ ఇది ఎందుకు రాయలేదంటే నాకు రాయడం రాదు. అంతకంటే పెద్ద కారణం లేదు. చెప్పడానికి మాటలు ఎప్పుడూ ఉండేవి. పొయ్యి దగ్గర, కలుపు తీసే చోట, చర్చిలో పాటలు అయిపోయాక ఆడవాళ్ళం కూర్చున్నప్పుడు, ఎన్నిసార్లు చెప్పానో. కాగితం మీద పెట్టాలంటే మాత్రం అక్షరం కావాలి. యాభై దాటినాక మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నం పూట చర్చి వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పించింది. ఒడిలో చెనిక్కాయలు, ముందర పలక. కాయలు ఒలుస్తూ అక్షరాలు పలికేవాళ్ళం. ఒత్తులు నన్ను చాలా ఏడిపించాయి. నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట బస్సు బోర్డు మీది ‘జమ్మలమడుగు’. ఆ సంతోషంలో బోర్డునే చూస్తూ నిలబడిపోయాను. బస్సు వెళ్ళిపోయింది.

రాయడం వచ్చాక ఇంకొకరి ఒప్పుదల కావాల్సి వచ్చింది. ఇది మా ఆయన ఒంటి సంగతి. మొన్న ఆయన గడ్డం గీసుకుంటుంటే అడిగాను.

“రాసుకో మే,” అన్నాడు అద్దంలో నుంచే. “ఆ పొద్దు రెండూళ్ళ జనం చూసినారు. ఇంగ దాచేదేముండాది.”

మా ఊరు జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్యన ఉంటుంది. జమ్మలమడుగు పోయే బస్సు ఇంకో ఊరి నడిమధ్య నుంచి పోతుంది. ఆ ఊరికీ మా ఊరికీ పడేది కాదు. ఎందుకు పడదో చెప్పాలంటే మా మామ పడుచుకాలం నుంచి మొదలుపెట్టాలి, అది ఇక్కడ వద్దు. వాళ్ళు ఒక జెండా పట్టుకుంటే మావాళ్ళు ఇంకొకటి పట్టుకునేవాళ్ళు. వాళ్ళు జెండా మారిస్తే మావాళ్ళూ మార్చేవాళ్ళు. జెండా ఏదైనా ఫరవాలేదు, వాళ్ళది కాకపోతే చాలు.

మావాళ్ళకు నాయకుణ్ణి మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. మా ఆయన పెద్దాయన వెనక నడిచే మనిషి. ఆరడుగులు, ఎడ్లబండి కాడి ఒంటిచేత్తో ఎత్తేవాడు. పెద్దాయన జీపు పోతుంటే అవతలి ఊరివాళ్ళు లోపల ఎంతమంది ఉన్నారని చూసేవాళ్ళు కాదట, మా ఆయన ఉన్నాడా లేడా అని చూసేవాళ్ళట. నిజానికి ఆయన ఎవరినీ చంపలేదు. ఆ ఎత్తు, ఆ భుజాలు, ఆ మీసం, వాటితోనే భయపెట్టి బతికాడు. మోటారు దగ్గర పంచె ఒకటే కట్టుకుని నీళ్ళ కింద నిలబడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఆయనకు కూడా అది తెలుసు.

ఒక ఏడు చెనిక్కాయ పీకే రోజుల్లో ఆయనకు కాళ్ళు ఉబ్బాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జమ్మలమడుగులో పాత ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి పెద్ద డాక్టరు బీపీ చూసి, గుండె మీద భారం పడుతోందని, ఒంట్లో నీరు నిలుస్తోందని చెప్పి మాత్రలు రాశాడు. రెండు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు. వాపు దిగింది, ఆయాసం పోయింది. కానీ ఆ రెండు నెలలు తిరగకముందే అవతలి ఊరి దగ్గర బస్సు ఆపి మావాళ్ళలో ఒకణ్ణి దించి కొట్టారు. ఆ రోజుతో ఆ దారి మా మగవాళ్ళకు మూసుకుపోయింది.

డాక్టరు ఆ దారికి అటువైపు ఉన్నాడు. మా ఆయన ఇటువైపు ఉన్నాడు. మాత్రలు మాత్రం ఆగకూడదు కదా. ఎర్రగుంట్ల మీదుగా చుట్టుతిరిగి ప్రొద్దుటూరు పోయేవాళ్ళ చేతికి ఖాళీ అట్ట ఇచ్చేవాళ్ళం. వాళ్ళు మెడికల్ షాపులో అట్ట చూపించి అట్లాంటివే తెచ్చేవాళ్ళు. అలా రెండేళ్ళకు పైగా గడిచింది. డాక్టరును చూడాల్సిన పని ఉందని మాకు తోచనే లేదు. మాత్ర ఉంది, వాపు లేదు, ఇంకేం కావాలి అనుకున్నాం. మా ఊర్లో బీపీ ఉన్న మగవాళ్ళందరూ అప్పట్లో అలాగే బతికారు.

మార్పు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. మోటారు దగ్గర స్నానం మానేశాడు, దొడ్లో తడిక కట్టించుకున్నాడు. ఎండాకాలంలో కూడా లోపల మందపాటి బనియను. ప్రొద్దుటూరు పోయేవాళ్ళ చేతికి కొలత చొక్కా ఇచ్చి అక్కడ ఒక సాయిబు దగ్గర చొక్కాలు కుట్టించేవాడు, వదులుగా కుట్టమని చెప్పి పంపి, రెండు పక్కలా జేబులు పెట్టించుకున్నాడు. పక్కన పడుకుని చెయ్యి వేస్తే ఉలిక్కిపడి తోసేసేవాడు. నాకు వేరే అనుమానాలు వచ్చాయి. అవి రాయను, ఆడవాళ్ళు ఎవరైనా ఊహించుకోగలరు.

ఒకరోజు వానకు తడిసి వచ్చి చొక్కా మార్చుకుంటుంటే టవలు తీసుకుని లోపలికి వెళ్ళాను. చూశాను. ఆయన గోడవైపు తిరిగాడు. మగవాడి రొమ్ము కాదు అది. రెండు పక్కలా, ఈడుకొస్తున్న ఆడపిల్లకు ఉన్నట్టు ఎత్తుగా ఉన్నాయి.

“ఎప్పట్నుంచి మామా?” అన్నాను. నేను ఆయనకు మేనత్త కూతురిని, వరసకు బావే అయినా మా పక్క అలవాటుగా మామా అనే పిలుస్తాను.

“ఎప్పట్నుంచో. తాకితే సలుపు.”

“డాక్టరుకు...”

“ఏమని చెప్పల్ల? నాకు పాలు పడతాండాయని చెప్పల్లనా?” గొంతు తగ్గించాడు. “అవతలోళ్ళు ఏందో చేయించినారు మే. మొగతనం పోతాంది నాకు. పెద్దాయనకు తెలిస్తే జీపులో పిండిబస్తా మాదిరి యెనక్కి నెడతాడు.”

ఆరడుగుల మనిషి. మంచం అంచున కూర్చుని బనియను గుంజుకుంటుంటే నాకు దుఃఖమూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే రాజీ మాట వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఏ ముహూర్తాన జెండాలు మార్చుకున్నారో గానీ, ఈసారి రెండు ఊళ్ళూ ఒకే పార్టీలోకి వచ్చి పడ్డాయి. పార్టీ పెద్దలు రెండు పక్కలా మనుషులను పంపించి ఇంక చాలించండని చెప్పారు. వచ్చే పున్నమికి సింహాద్రిపురం అవతల ఒక చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, కలవాలని నిర్ణయించారు. ఆ మాట ఊర్లోకి వచ్చిన రోజు నేను చెయ్యి కడుక్కోకుండానే పక్కింటికి పరుగెత్తాను. ఆడవాళ్ళం అందరం వీధిలోకి వచ్చేశాం. ఎవరి మొగుడు ఎప్పుడు ఇంటికి వస్తాడో అని దీపం పెట్టుకుని కూర్చోవడం ఇక ఉండదు. జమ్మలమడుగు సంతకు నేరుగా పోవచ్చు. ఒకావిడ రేపే పెన్న దాటి పుట్టింటికి పోతానని మూట కట్టడం మొదలుపెట్టింది, ఇంకా రాజీ కానే కాలేదు.

మా పక్క రాజీలకు ఒక పద్ధతి ఉండేది. రెండు పక్కల మగవాళ్ళూ చొక్కా, బనియను తీసేసి చెట్టు కొమ్మకు తగిలించి, పంచెతో మాత్రమే లోపలికి రావాలి. అవతలి పక్క మనిషి ఒకడు నిలబడి ఉంటాడు, వాడి ముందర ఒకసారి చుట్టూ తిరగాలి. నడుముకు బాంబు లేదు, వీపున కత్తి లేదు అని చూపించాలి. ఆ తర్వాత అందరూ కలిసి ఒకే బంతిలో తినాలి. వంట రెండు ఊళ్ళ ఆడవాళ్ళూ ఒకే పొయ్యి మీద చేయాలి. ఏ కూరలో ఏం కలిపారో అన్న అనుమానం అప్పుడే పోతుంది.

అవతలివాళ్ళు ఒక షరతు పెట్టారు. మావాళ్ళలో ఎవరు వచ్చినా రాకపోయినా మా ఆయన మాత్రం రావాలి, చొక్కా విప్పి రావాలి. ఆయన రాకపోతే రాజీ లేదు. పెద్దాయన మా ఇంటికే వచ్చి ఈ మాట చెప్పి నవ్వాడు. “చూసినావా ఎంత పేరుండాదో నీకు,” అన్నాడు. మా ఆయన తల ఊపాడు. పెద్దాయన వెళ్ళాక కుక్కిమంచంలో పడుకుని కళ్ళ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“నేను రాను,” అన్నాడు. “కడపకు పోతా. జరమని చెప్పు.”

“నువ్వు రాకపోతే కాదంటాండారు గదా.”

“కాకపోతే పోనీలే. చంపుకుంటారు. అది అలవాటే గదా. ఆడ అంతమంది ముందర ఇది చూపిచ్చడం మాత్రం నా వల్ల గాదు.”

మర్నాడు పొద్దున ఆ మాత్రల అట్ట రవికలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సు ఎక్కాను. ఆడవాళ్ళ జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, అదొక్కటే అప్పట్లో మా ధైర్యం. అయినా అవతలి ఊరి టీకొట్టు ముందర బస్సు ఆగినప్పుడు కొంగు భుజం మీదికి లాక్కున్నాను. అక్కడ బెంచీ మీద వాళ్ళ నాయకుడి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. లావుపాటి మనిషి, బెంచీలో సగం ఆయనే. నన్ను గుర్తుపట్టాడు.

“ఏమ్మా, ఒగదానివే పోతాండావు. మీ ఆయన యాడ?”

“ఇంట్లో ఉండాడు.”

“ఇంట్లో ఏం జేస్తాండాడు? ముగ్గేస్తాండాడా?”

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. నాకు ఆ ముగ్గు మాట చురుక్కుమంది. ఊరుకోలేకపోయాను.

“మీ ఊరు ఎట్టుండాదో చూసి రాపోమన్నాడప్పా.”

“ఏం చూసినావు మరి?”

“టీ తాగేటోళ్ళు నిండా ఉండారు. సేద్యం జేసేటోళ్ళు ఒగురూ అగపళ్ళ్యా.”

బస్సులో అందరూ నవ్వారు. ఆ లావుమనిషి కూడా నవ్వి, “రాజీ రోజు కూర నువ్వే వొండల్లమ్మా, నీ నోట్లో కారం శానా ఉండాది,” అన్నాడు. కండక్టరు గబగబా విజిలు వేశాడు. ముద్దనూరు వచ్చేదాకా నాకు నవ్వు వస్తూనే ఉంది.

డాక్టరు వయసైన మనిషి. అట్ట ఆయన బల్ల మీద పెట్టి, తల వంచుకుని, నేలను చూస్తూ అంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. అట్ట తిప్పి చూశాడు.

“ఇది రెండేళ్ళుగా వాడుతున్నాడా? మధ్యలో ఎవరికీ చూపించలేదా?”

“దారి లేదు సార్.”

ఆయనకు అర్థమైంది. ఆ రోజుల్లో ఆ మాట చెబితే జమ్మలమడుగులో ఎవరికైనా అర్థమయ్యేది.

“అమ్మా, మీ ఆయనకు ఎవరూ ఏమీ చేయించలేదు. ఇది నీరు తీసే మాత్ర. గుండెకు మంచిదే. కానీ కొందరు మగవాళ్ళలో రొమ్ము పెరిగేట్టు చేస్తుంది. మగవాడి ఒంట్లో కూడా ఆడవాళ్ళ హార్మోను కొంచెం ఉంటుంది. మగ హార్మోను దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఈ మాత్ర మగ హార్మోను పనికి అడ్డం పడుతుంది. అప్పుడు అవతలిది పైకి లేస్తుంది.”

నేను తల ఎత్తాను. “మాత్రతోనా సార్?”

“చాలావరకు మాత్రతోనే అనుకుంటున్నా. మనిషిని చూడకుండా పూర్తిగా చెప్పలేను.”

లేచి ఆయన కాళ్ళకు మొక్కాలనిపించింది. చేతబడి కాదు, మొగతనం పోవడం కాదు. అరచేతిలో పట్టే మాత్ర. కూర్చున్నచోటే కదిలిపోతున్నాను, నిదానంగా ఉండమని ఆయన సైగ చేశాడు. ఇంకేమేం కారణాలుంటాయో అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు, అడుగుతూనే ఉన్నాను, ఆయన విసుక్కోకుండా చెప్పాడు. పన్నెండు పద్నాలుగేళ్ళ మగపిల్లలకు చాలామందికి వస్తుందట, ఏడాది రెండేళ్ళలో దానంతట అదే పోతుందట, ఎగతాళి చేయకుండా ఉంటే చాలట. ముసలితనంలో వస్తుందట. సారాయి తాగి కాలేయం చెడిపోయినా వస్తుంది. కండలు పెంచే సూదులు వేసుకున్నా వస్తుంది. కడుపుమంటకు వేసుకునే మందుల్లో కొన్నిటితో, గొంతు దగ్గరి థైరాయిడ్ తేడాతో, ఎప్పుడో ఒకసారి వృషణంలో గడ్డతో కూడా రావచ్చట, అందుకని మనిషిని తప్పకుండా చూడాలన్నాడు. లావుగా ఉన్నవాళ్ళకు ఉత్త కొవ్వే అక్కడ చేరి అలా కనబడుతుంది, నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది, నిజంగా పెరిగినదైతే చనుమొన కింద బిళ్ళలాగా తగులుతుంది అన్నాడు.

“ఒక్క మాట గుర్తుపెట్టుకో. రెండు పక్కలా మెత్తగా సలుపుతూ ఉంటే భయం తక్కువ. ఒక్క పక్కనే, గట్టిగా, రాయిలాగా కదలకుండా ఉన్నా, మొన లోపలికి పోయినా, రక్తం వచ్చినా ఆలస్యం చేయకూడదు. మగవాళ్ళకు కూడా రొమ్ము క్యాన్సరు వస్తుంది. తక్కువమందికే, కానీ వస్తుంది.”

“మాది రెండు పక్కలా సార్.”

“మంచిది. ఈ మాత్ర తనంతట తాను ఆపేయకూడదు, గుండెకు ఇబ్బంది. దీని బదులు ఇంకొకటి ఇస్తాను, అది మొదలుపెట్టి ఇది మానేయాలి.”

“పున్నమికి తగ్గిపోతాది గదా?”

“పున్నమికి ఏముంది?”

రాజీ సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“తగ్గదమ్మా. నెలలు పడుతుంది. కొత్తగా పెరిగినదైతే కారణం తీసేస్తే మెల్లగా కరుగుతుంది, అవసరమైతే దానికీ మాత్రలున్నాయి. ఏడాది దాటి గట్టిపడి ఉంటే కొంత మిగిలిపోతుంది, దాన్ని చిన్న కోత పెట్టి తీసేస్తారు. అన్నిటికంటే ముందు నేను ఆయన్ని చూడాలి. తీసుకురా.”

ఇదీ ముడి. రాజీ అయితే తప్ప ఆయన డాక్టరు దగ్గరికి రాలేడు. డాక్టరుకు చూపించాల్సినది అందరికీ చూపిస్తే తప్ప రాజీ కాదు.

ఇంటికి వచ్చి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆయన రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు.

“ఈ మాత్రేనా?” అట్ట పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. “ఇంత బిళ్ళ?”

“అదే.”

“మొగతనం...?”

“యాడికీ పోలేదు. డాక్టరును అడిగినా.”

“అది గూడా అడిగినావా? సిగ్గులేదా మే నీకు?”

“నువ్వు అడగవు గదా. ఎవురో ఒగురు అడగల్ల.”

చాలా నెలల తర్వాత ఆయన నవ్వడం చూశాను. ఆ ఊపులో రాజీకి వస్తాడనుకున్నాను. ఒప్పుకోలేదు. కారణం తెలిస్తే ఏం లాభం, కారణం ఒంటి మీద రాసి ఉండదు కదా అన్నాడు. తర్వాత ఆయనకే ఒక ఉపాయం తోచింది. నా పాత చీర చింపి రొమ్ముకు బిగించి కట్టమన్నాడు. గాయం తగిలి కట్టు కట్టారని చెప్తాడట. తలుపు వేసి, మోకాలు వీపుకు ఆనించి, గడ్డివాముకు తాడు బిగించినట్టు బిగించాను. చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. రొమ్ము అణిగింది. నడుము పైన మాత్రం గుండ్రంగా ఉబ్బెత్తు వచ్చింది.

“ఎట్టుండా?” అన్నాడు.

“నాలుగు బాంబులు కట్టుకున్నట్టుండావు.”

ఆయన అద్దంలో మళ్ళీ చూసుకున్నాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. నవ్వి నవ్వి ఆయనకు సలుపు పుట్టి ఆ గుడ్డ విప్పేయమని బతిమాలాడు. చివరకు వస్తానన్నాడు. చొక్కా సంగతి అక్కడ చూసుకుంటానన్నాడు.

రాజీ రోజు తెల్లవారక ముందే ట్రాక్టర్లు కదిలాయి. పాత్రలు, బియ్యం, పొట్టేళ్ళు, పులివెందుల మార్కెట్టు నుంచి తెచ్చిన అరిటాకుల కట్టలు, వాటి మధ్యలో మేము. అంత దూరం అందరం కలిసి పోవడం పెళ్ళిళ్ళకు కూడా జరగలేదు. దారి పొడవునా పాటలు. చీనీతోటలో కాయలు పచ్చగా వేలాడుతున్నాయి, ఆ వాసనకే కడుపు నిండింది. అవతలి ఊరి ఆడవాళ్ళు అప్పటికే మూడు రాళ్ళు పెట్టి పొయ్యి అంటించారు. మొదట ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. నా పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నావిడ ఆ లావుమనిషి భార్య అని తర్వాత తెలిసింది.

“ఉప్పేసినారా?” అని అడిగింది.

“మీరేసినారనుకున్యాం.”

“మీరేసినారనుకుని మేమూ వేయల్యా.”

అలా మాటలు మొదలయ్యాయి. కాసేపటికి ఎవరు ఏ ఊరో తెలియకుండా కలిసిపోయాం.

పొద్దెక్కాక మగవాళ్ళు వచ్చారు. చెట్ల వరసకు అటు వాళ్ళు, ఇటు మావాళ్ళు. చొక్కాలు విప్పి కొమ్మలకు తగిలిస్తుంటే చీనీచెట్లకు తెల్లటి గుడ్డలు కాసినట్టుంది. మావాళ్ళను చూడడానికి అవతలి పక్క నుంచి ఆ లావుమనిషే నిలబడ్డాడు. తనూ చొక్కా విప్పి ఉన్నాడు. ఒక్కొక్కరే ఆయన ముందర ఒకసారి తిరిగి పక్కకు పోతున్నారు. ఎవడో బానపొట్టవాడు తిరిగితే, “లోపల రెండు పొట్టేళ్ళుండాయి, బాంబులైతే లేవులే, పో,” అన్నాడు. అందరూ నవ్వారు.

మా ఆయన వంతు వచ్చింది. గుండీ మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“విప్పప్పా,” అన్నాడు లావుమనిషి.

ఆయన విప్పలేదు.

“విప్పప్పా అంటాండా.”

“నా దగ్గర ఏమీ లేదు,” అన్నాడు మా ఆయన.

నవ్వులు ఆగిపోయాయి. అవతలి వరసలో నలుగురు రెండడుగులు వెనక్కి వేశారు. ఎవడో “చొక్కా కింద కట్టుకోనుండాడు” అన్నాడు. మావాళ్ళు కొందరు తమ చొక్కాల వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఇంకొక్క మాట పడితే రెండు వరసలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పెద్దాయన ముఖం పాలిపోయింది, ఆయనకు కూడా ఏమీ తెలియదు.

అక్కడికి ఆడవాళ్ళు పోకూడదు. నేను పోయాను. చేతిలో గరిటె ఉందన్న సంగతి కూడా తెలియదు, దాని నుంచి కూర కారి నా చీర మీద పడింది. రెండు వరసల మధ్యలో నిలబడ్డాను.

“బాంబు లేదు అప్పల్లారా. ఆయనకు రొమ్ములు వచ్చినాయి. గుండెకు వేసుకునే మాత్రతో వచ్చినాయి. రెండేండ్లుగా డాక్టరుకు చూపిచ్చుకునేకి దారి లేదు. మా దారి మీరే మూసినారు. మావోళ్ళు మీ దారి మూసినారు. అదీ సంగతి. నగేటోళ్ళుంటే ముందరికి రాండ్రి.”

ఒట్టు తప్పాను. ఆయన వైపు చూడలేకపోయాను. వెనక నుంచి ఆయన గొంతు వినబడింది, నెమ్మదిగా.

“నువ్వు పక్కకు జరుగు మే. కూర మాడతాది.”

తిరిగి చూసేసరికి గుండీలు విప్పుతున్నాడు. చొక్కా తీశాడు, బనియను తల మీదుగా లాగేశాడు, కొమ్మకు తగిలించాడు. భుజాలు వెనక్కి పెట్టి నిలబడ్డాడు, మోటారు దగ్గర నిలబడినట్టే. తర్వాత చుట్టూ తిరిగాడు. అవతల ఒక కుర్రవాడు కిసుక్కుమన్నాడు.

“నోరు ముయ్‌రా,” అన్నాడు లావుమనిషి తల తిప్పకుండానే. మా ఆయన రొమ్మును చాలాసేపు చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. “సలుపుతాదా?”

“తాకితే సలుపుతాది.”

“డాక్టరు జమ్మలమడుగులోనేనా?”

“ఆన్నే.”

లావుమనిషి అందరి వైపు తిరిగాడు. “ఏమీ లేదు. మనిషి శుభ్రంగా ఉండాడు. ఆకులేయండి, ఆకలైతాంది.”

నేను పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. కూర అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ తిన్నారు. ఒకే బంతిలో మా ఆయన పక్కన ఆ లావుమనిషి, ఇద్దరూ చొక్కాలు లేకుండానే. మా ఆయన వడ్డించుకున్నది చూసి నాకు భయమేసింది, అన్నం కొండలాగా ఉంది. పెద్దాయన తింటూ తింటూ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, “నాకన్నా చెప్పిండచ్చు గదరా,” అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

పాత్రలు తోముతుంటే లావుమనిషి భార్య నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో బూడిద ఉంది, తోమడం లేదు.

“అక్కా, ఒగ పక్కనే ఉంటే ఏందంట?”

నా చేతిలోని గిన్నె ఆగింది. “ఎవురికి?”

ఆమె బంతి వైపు చూసింది. “లావు మనిషి గదా, ఎవురికీ అగపడదు. నాకు చేతికి తగుల్తాది. కుడి పక్క. గట్టిగా గోలికాయ మాదిరి. ఆరునెల్లుగా చెప్తాండా. కొవ్వు అంటాడు. ఇంతకుముందే పిలిచి, ఆ యమ్మను అడుగు అన్నాడు.”

డాక్టరు చెప్పింది చెప్పాను. భయపెట్టకుండా చెప్పాలని చూశాను, కుదిరిందో లేదో తెలియదు. ఆమె బూడిద చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. “రేపు పొద్దున బస్సుకు మీ టీకొట్టు కాడ ఉండండి, నలుగురం కలిసి పోదాం,” అన్నాను.

తర్వాతి సంగతులు క్లుప్తంగా రాస్తాను. మాత్ర మార్చాక మా ఆయనకు సలుపు ముందు పోయింది, ఎత్తు నెలల మీద తగ్గింది. ఎడమ పక్క గట్టిపడిన బిళ్ళ ఒకటి మిగిలితే ప్రొద్దుటూరులో కోత పెట్టి తీశారు. కొన్నాళ్ళు బిగుతు బనియను వేసుకోమన్నారు, వేసుకున్నాడు. లావుమనిషికి సూది గుచ్చి పరీక్షకు పంపారు, క్యాన్సరు కాదని వచ్చింది. కాలేయం మాత్రం బాగా చెడిపోయింది, సారాయి మానమన్నారు. మానాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ మానాడు. రాజీ మాత్రం నిలబడింది.

అవన్నీ తర్వాత. ఆ రోజు రాత్రి నేను నిద్రపోలేదు. మరుసటి రోజు పొద్దున కోడి కూయకముందే లేచి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, మా ఆయనను లేపాను. రోడ్డు మీదికి వచ్చి జమ్మలమడుగు బస్సుకు చెయ్యి ఎత్తాను. ఆయన కిటికీ పక్క సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ తల కిందికి దించుకున్నాడు. నేను ఆయన గడ్డం పట్టి పైకి ఎత్తాను. అవతలి ఊరి టీకొట్టు ముందర బస్సు ఆగింది. లావుమనిషీ ఆయన భార్యా ఇంకా రాలేదు. డ్రైవరు గేరు వేయబోయాడు.

“ఆపప్పా రోంత సేపు,” అన్నాను.

“ఎవురికోసరమ్మా?”

“ఇంగో పేషెంటు రావల్ల.”

నేను బస్సు దిగి, జీవితంలో మొదటిసారి ఆ ఊరి వీధిలోకి నడిచి, వాళ్ళ తలుపు తట్టాను.